మిద్దె దూలాలు చీలుస్తుంటే బ్యాండ్‌సా బ్లేడు పక్కకు లాగుతోంది, ఏ బ్లేడు వేయాలి?

దంతెలవాడు, అనంతపురం

అందరికీ నమస్కారం. మాది అనంతపురం పక్కన పల్లె. సంక్రాంతి దాటాక మా జేజినాయన కట్టించిన మట్టి మిద్దె విప్పేశాం. దూలాలు, వాటి మీద పరిచిన దంతెలు కలిపి ట్రాక్టరు నిండా మాను వచ్చింది. దూలాలు టేకు, దంతెల్లో సగానికి పైగా వేప. డిపో ఆయన వచ్చి చూసి పొయ్యి కట్టెల రేటు చెప్పేసరికి నాకు మనసొప్పలేదు. కొత్తింట్లో పూజగది తలుపులకు, రెండు అల్మారాలకు ఈ టేకుతోనే పలకలు తీస్తానని పట్టుబట్టి, ధర్మవరంలో మూతపడిన ఒక షెడ్డు నుంచి పాత బ్యాండ్‌సా కొన్నాను. పట్టీలాంటి రంపం బ్లేడు రెండు చక్రాల మీద తిరిగే మిషన్ అది, 14 అంగుళాల చక్రాలు, ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరు.

దూలాలను మిల్లులో 6 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ముక్కలుగా కోయించుకొచ్చా. ఇప్పుడు ఒక్కో ముక్కను నిలబెట్టి 10 మిల్లీమీటర్ల పలకలుగా చీల్చాలి. చిక్కంతా ఇక్కడే. కోత గీత మీదే మొదలవుతుంది, అడుగు దూరం పోయేసరికి బ్లేడు ఎడమకు లాగుతుంది. మాను ఆనించి తోసే ఫెన్సు ఎడమవైపే ఉంది, ఎంత అదిమిపెట్టినా ముక్క దాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. బయటికొచ్చిన పలకను కొలిస్తే పైన 10, కింద 9, నడుమ 7. అవతలి ముక్క అదే చోట చూలుతో ఉన్న గేదెలా ఉబ్బి ఉంది. పైగా కాలిన వాసన, కోసిన ముఖమంతా మాడు మచ్చలు.

బ్లేడు మిషన్‌తో వచ్చిందే, 10 మిల్లీమీటర్ల వెడల్పు, అంగుళానికి 6 పళ్ళు. టెన్షన్, అంటే బ్లేడు బిగువు, చాలలేదేమోనని నాబ్ తిప్పుకుంటూ పోయా, స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి ఆనేదాకా. నిన్న సాయంత్రం ఠప్పుమని తెగింది. మూతలు వేసి ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకుంటే మా నాయన మిషన్‌ను కూడా కట్టెల్లో కలిపి అమ్మేసేవాడు.

ముప్పావు అంగుళం బ్లేడు వేసుకో, నిక్కచ్చిగా పోతుందని కొట్టాయన అంటున్నాడు, మిషన్ ప్లేటు మీద కూడా అంతవరకు పడుతుందనే ఉంది. వేయొచ్చా? పళ్ళు ఎన్ని ఉండాలి? గట్టి కార్బైడ్ పళ్ళ బ్లేడు మామూలు దానికి ఎన్నో రెట్లు చెబుతున్నారు, ఒకసారి పెడితే పీడ వదులుతుందంటే అప్పు చేసైనా పెడతా. ఫెన్సు పెట్టి కోయాలా, చేత్తో గీత చూసుకుంటూ తోయాలా అన్నది కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

సామిల్లు, కర్నూలు

తమ్ముడూ, తెగిన బ్లేడు ఉందా, పారేశావా? ఉంటే పళ్ళ మధ్య గుంతలో అగ్గిపుల్ల పెట్టి గీకి చూడు.

పక్కకు లాగడం వేరు, నడుమ కడుపు రావడం వేరు. నువ్వు రెండింటికీ ఒకే మందు వేశావు, టెన్షన్ నాబ్ తిప్పడం. ముందు కడుపు సంగతి. నీ మాను ఎత్తు 6 అంగుళాలు, అంగుళానికి 6 పళ్ళంటే ఒకేసారి 36 పళ్ళు మాను లోపల ఉన్నట్టు. ప్రతి పన్నూ తాను గీకిన పొట్టును ముందున్న గుంతలో వేసుకుని ఆ 6 అంగుళాలూ మోసుకుపోయి కింద బయట పారేయాలి. మానులో బిగువుగా ఉన్న కట్టె పొట్టు అయ్యాక దానికి చాలా ఎక్కువ చోటు కావాలి. నీ బ్లేడు గుంతలేమో కందిగింజంత. సగం దూరంలోనే నిండిపోతాయి. నిండాక పన్ను కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి బ్లేడు సాగుతుంది, సాగితే టెన్షన్ పడిపోతుంది, నువ్వు ఇంకా గట్టిగా తోస్తావు, వెనక్కి పోలేని బ్లేడు నడుమ విల్లులా వంగుతుంది. అదే నీ గేదె.

కాబట్టి అంగుళానికి 3 పళ్ళు, కొక్కెంలా ముందుకు వంగిన పన్ను, గుంత లోతుగా ఉన్నది. హుక్ టూత్ అని అడిగితే ఇస్తారు. కోసిన ముఖం కొంచెం గరుకుగా వస్తుంది, రానీ, ఎలాగూ చిత్రిక పట్టే రందా పడుతుంది కదా.

వెడల్పు అర అంగుళం చాలు. ముప్పావు మాట విను. బ్లేడు ఎంత వెడల్పయితే అంత గట్టిగా లాగి పట్టాలి, ఆ లాగే బలం 14 అంగుళాల ఫ్రేముకు, దాని స్ప్రింగుకు ఉండదు. ప్లేటు మీద రాసింది ఆ బ్లేడు చక్రం మీద కూర్చుంటుందని మాత్రమే, దాన్ని సరిగా లాగగలనని కాదు. వదులుగా ఉన్న ముప్పావు కంటే బిగువుగా ఉన్న అర అంగుళం నిక్కచ్చిగా పోతుంది. మందం కూడా చూసుకో, 0.6 మిల్లీమీటర్ల దరిదాపు ఉండాలి. మందపు బ్లేడు చిన్న చక్రం చుట్టూ నిమిషానికి వందలసార్లు వంగి లేస్తుంటే గుంత అడుగున సన్నగా పగులు మొదలవుతుంది. నీది ఎక్కడ తెగిందో చూడు, గుంత దగ్గరే తెగి ఉంటుంది. స్ప్రింగును పూర్తిగా అదిమేశావు కాబట్టి దెబ్బ కాచుకునే మెత్తదనం కూడా పోయింది దానికి.

మా మిల్లులో చక్రాలు మూడున్నర అడుగులవి, బ్లేడు నాలుగు వేళ్ళ వెడల్పు, రోజుకు రెండు మూడుసార్లు దించి సాన పడతాం. మా లెక్కలు నీ చిన్న మిషన్‌కు పనికిరావు. మిల్లులో చూసి వచ్చి ఇంట్లో అలాగే బిగించి బ్లేడ్లు తెంపుకున్న వాళ్ళను చాలామందిని చూశా.

కొత్తది చేయించేటప్పుడు పొడవు తెగిన ముక్కను బట్టి చెప్పొద్దు, పాతది సరైన పొడవుదేనని నమ్మకం లేదు. పై చక్రాన్ని దాని జరుగుడులో సగానికి తెచ్చి, రెండు చక్రాల నడిబొడ్డుల మధ్య దూరం కొలిచి, దాన్ని రెట్టింపు చేసి ఒక చక్రం చుట్టుకొలత కలుపు. చక్రం 350, దూరం 640 మిల్లీమీటర్లనుకో, 1100కు 1280 కలిపితే 2380.

చిత్రిక పని, ప్రొద్దుటూరు

పెద్దాయన బ్లేడు గురించి చెప్పాల్సింది చెప్పేశారు. నాకు అదే సైజు మిషన్ ఉంది, ఎనిమిదేళ్ళుగా తలుపులు, మంచాల పని దాని మీదే. కొత్త బ్లేడు వేసేటప్పుడు నేను చేసే వరస చెబుతా, విసుగనిపించినా వరస తప్పొద్దు.

ప్లగ్గు పీకేయ్, స్విచ్ ఆపితే చాలదు. పైన కింద బ్లేడును పక్కకు పోకుండా పట్టే గైడ్లన్నీ బ్లేడుకు తగలకుండా దూరం జరుపు. చక్రాల రబ్బరు మీద పాత పొట్టు, జిగురు గట్టిపడి ఉంటాయి, మొద్దుబారిన కత్తితో గీకేయ్. బ్లేడు చుట్ట విప్పేటప్పుడు చేతికి గ్లవ్స్ ఉండాలి, మొహం దూరంగా ఉండాలి, పాములా విచ్చుకుంటుంది. మిషన్ తిరిగేటప్పుడు మాత్రం గ్లవ్స్ వద్దు. పళ్ళ మొన టేబులు దగ్గర కిందికి చూస్తుండాలి. నవ్వొద్దు, నేను మొదటిసారి తలకిందులుగా వేసి పావుగంట తోశా.

టెన్షన్‌కు మిషన్ మీదున్న గీతలను నమ్మను. పాత స్ప్రింగుకు అవి అబద్ధం చెబుతాయి. పై గైడును టేబులుకు ఆరంగుళాల ఎత్తులో పెట్టి బ్లేడు నడుమ పక్కనుంచి వేలితో గట్టిగా నొక్కుతా. ఆరు మిల్లీమీటర్ల దాకా వంగితే చాలు. అంతకంటే ఎక్కువ పోతే ఇంకొంచెం బిగిస్తా. ఆ తర్వాత పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బ్లేడు చక్రం మీద నిలకడగా నడిచేదాకా చక్రం వాలు మార్చే ట్రాకింగ్ నాబ్ సర్దుతా. పది చుట్లయినా తిప్పకుండా మోటరు వేయను.

ఇక గైడ్లు. పక్క బేరింగులు పళ్ళ గుంతకు కొంచెం వెనకాలే ఆగాలి, ముందుకు వస్తే పళ్ళ వంపు అణిగిపోయి బ్లేడు ఒక్క నిమిషంలో నాశనమవుతుంది. బ్లేడుకూ పక్క బేరింగుకూ మధ్య సందు ఎంతంటే, ఆర్టీసీ బస్సు టికెట్టు దూర్చితే పట్టీపట్టనట్టు జారాలి. నా మిషన్ తలుపు లోపల ఒక పులివెందుల టికెట్టు ఎప్పుడూ అంటించి ఉంటుంది. వెనక బేరింగుకు మాత్రం పెళ్ళిపత్రిక అట్టంత సందు వదలాలి. ఊరికే తిరిగేటప్పుడు ఆ బేరింగు కదలకూడదు, మాను తోసినప్పుడే తిరగాలి. పై గైడును మానుకు వేలు మందం కంటే ఎత్తులో ఉంచొద్దు. ఎత్తు మార్చిన ప్రతిసారీ సందులు మళ్ళీ చూసుకో, పాత మిషన్లలో ఆ కడ్డీ నిటారుగా దిగదు. చివరగా మూలమట్టం పెట్టి టేబులు బ్లేడుకు లంబంగా ఉందో లేదో చూడు. నీ పలక పైన 10, కింద 9 అన్నావు, అది టేబులు వాలు కావచ్చు, దానికి బ్లేడును తిట్టి లాభం లేదు.

పక్కకు లాగడానికి ఇలా చెయ్యి. అంచు సాపుగా ఉన్న రెండడుగుల పనికిరాని చెక్క తీసుకుని, అంచుకు సమానంగా పెన్సిల్ గీత గీసి, ఫెన్సు తీసేసి చేత్తో గీత మీద కోసుకుంటూ పో. గీత మీద నిలబెట్టాలంటే చెక్కను కొంచెం వంకరగా పట్టాల్సి వస్తుంది, నీకే తెలుస్తుంది. సగం కోశాక చెక్కను కదపకుండా మోటరు ఆపి, చెక్క అంచు వెంట టేబులు మీద గీత గియ్యి. ఆ బ్లేడు నడక అది. ఫెన్సును ఆ గీతకు సమానంగా తిప్పి బిగించు. బ్లేడు మార్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ చూసుకోవాల్సిందే. ఫెన్సు పొట్టిగా ఉంటే ఐదంగుళాల ఎత్తున ప్లైవుడ్ ముక్క దానికి బిగించు, లేకుంటే ఆరంగుళాల మాను నిటారుగా నిలవదు.

బెవెల్, కడప

ప్రొద్దుటూరు అన్న చెప్పిన వరసంతా ఒప్పుకుంటా, ఫెన్సును వంకరగా తిప్పడం దగ్గర మాత్రం ఒప్పుకోను. నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ణి. బ్లేడు చక్రం మీద ఎక్కడ కూర్చుందో చూడండి. చక్రం నడుమ కొంచెం ఉబ్బుగా ఉంటుంది కదా, ఆ ఉబ్బు మీదికి బ్లేడు వెడల్పు నడుమ కాకుండా పళ్ళ గుంతలు వచ్చేలా ట్రాకింగ్ సర్దితే చాలాసార్లు ఆ లాగుడు దానంతటదే పోతుంది. ఫెన్సును టేబులు గాడికి సమానంగానే ఉంచి కోయొచ్చు.

అప్పటికీ ఎడమకే లాగితే ఎడమవైపు పళ్ళు ఎక్కువ వంగి ఉన్నాయనో, ఎక్కువ పదునుగా ఉన్నాయనో అర్థం. చదునైన నూనెరాయిని ఆ పక్కన ఆనీ ఆననట్టు ఒక్క క్షణం తాకించి తీసేయండి, ఒక కోత కోసి చూసి, అవసరమైతే ఇంకోసారి. ఎక్కువ రుద్దారో కుడికి లాగడం మొదలవుతుంది. రాయికి నూనె ఉంటుంది, పొట్టు ఎండి ఉంటుంది, నిప్పురవ్వ లేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ముందు కింది పెట్టెలో పొట్టు ఊడ్చేయండి.

చిత్రిక పని, ప్రొద్దుటూరు

కొత్త మంచి బ్లేడయితే మీ మాట నిజమే. బజారులో చుట్ట కోసి జాయింటు పెట్టి ఇచ్చే బ్లేడ్లకు ప్రతిదానికీ ఒక్కో బుద్ధి ఉంటుంది. నేను రాయితో కుస్తీ పట్టేకంటే ఫెన్సు తిప్పుకోవడమే తొందరగా అవుతుంది. రెండూ చేసి చూడమనండి తమ్ముణ్ణి.

దంతెలవాడు, అనంతపురం

కర్నూలు అన్నా, అగ్గిపుల్ల కాదు గుండుసూది పెట్టి గీకినా రాలేదు, పొట్టు పళ్ళ సందుల్లో తారులా నల్లగా బిగిసిపోయింది. తెగింది కూడా గుంత అడుగునే. టేబులు కూడా వాలే, అర డిగ్రీ లోపు ఉంది. మరి కార్బైడ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మాన్లబండి, నంద్యాల రోడ్డు

కార్బైడ్ జోలికి పోవద్దు, కనీసం ఈ మానుకు. టేకులో సిలికా ఉంటుంది, మామూలు కార్బన్ స్టీలు పళ్ళు వేపకంటే దీని మీద తొందరగా మొద్దుబారతాయన్నది నిజమే, అందుకు కార్బైడే సరైన జవాబు, కొత్త టేకు అయితే. నీది మిద్దె మాను. యాభై అరవై ఏళ్ళు చవుడు మన్ను కింద ఉన్న దూలం. పగుళ్ళలో ఇసుక, మన్ను కూరుకుని ఉంటాయి, దాని మీద ఎప్పుడో ఎవరో ఉయ్యాలకో, దీపానికో, తోరణానికో కొట్టిన మొలలు తలలు విరిగి లోపల ఉంటాయి. కార్బైడ్ పన్ను గట్టిది, పెళుసుది కూడా, మొలకు తగిలితే చిట్లుతుంది, ఒక్క చోట నాలుగు పళ్ళు పోతే ఆ బ్లేడు ఇక గోడకు తగిలించుకోవడానికే. నేను ఒకసారి పాత ద్వారబంధంలో పెట్టి పోగొట్టుకున్నా, ఎంత పోయిందో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

మామూలు కార్బన్ బ్లేడ్లు రెండు మూడు చేయించుకో, పోయినా బాధ ఉండదు. చేతిలో డబ్బుంటే బైమెటల్ (పట్టీ ఒక ఉక్కు, పళ్ళు ఇంకో గట్టి ఉక్కు), దాని పళ్ళు వేడికి తట్టుకుంటాయి, కానీ సన్నటి పట్టీ దొరికితేనే, మందపుది 14 అంగుళాల చక్రం మీద తెగుతుంది.

కోయబోయే ముందు ఇనుప తీగల బ్రష్షుతో నాలుగు ముఖాలూ రుద్ది మన్ను రాల్చు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి మాను పైన అంగుళం అంగుళం నడిపించు, ఎక్కడ వంగితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టు. అయస్కాంతానికి దొరకని లోతు మొలలు కూడా ఉంటాయి, వాటికి ఇంకో ఆనవాలు ఉంది. టేకులో ఇనుము ఉన్నచోట చుట్టూ నీలం కలిసిన నల్ల మచ్చ పొరల వెంట పాకి ఉంటుంది. కోస్తుండగా ముఖం మీద ఆ మచ్చ కనబడితే ఆగిపో. చిన్న శబ్దం వచ్చినా ఆపేయ్, రెండు సెకన్లలో బ్లేడు దక్కుతుంది.

ఇంకో మాట. ఇది సొంత మాను, సొంత ఇంటి పని కాబట్టి సరే. మిషన్ ఉంది కదా అని ఊళ్ళోవాళ్ళ మాన్లు కూలికి చీల్చి పెట్టడం మొదలుపెట్టొద్దు. కోత మిల్లు కిందికి వస్తే లైసెన్సు కావాలి, కొత్త లైసెన్సులు అంత తేలిగ్గా రావు. ముందు అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అడుగు. కడప వైపు ఎవరైనా ఎర్రగా బరువుగా ఉన్న దుంగ తెచ్చి ‘కొంచెం చీల్చి పెట్టన్నా’ అంటే మిషన్ చెడిపోయిందని చెప్పు, నవ్వులాటకు అనడం లేదు.

దంతెలవాడు, అనంతపురం

రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నా, నాట్ల పని పడింది. అర అంగుళం, 3 పళ్ళ బ్లేడ్లు రెండు చేయించా. పెద్దాయన లెక్క ప్రకారం కొలిస్తే పాత బ్లేడు పొడవుకు పది మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. జాయింటు దగ్గర ఎత్తుపల్లం ఉంటే ప్రతి చుట్టుకూ టిక్కుమంటుందని కొట్టాయనే చెప్పి ఆకురాయితో సాపు చేసి ఇచ్చాడు.

పళ్ళ గుంతలు చక్రం నడుమకు తెచ్చాక లాగుడు ముప్పావు వంతు పోయింది. మిగతాదానికి ఫెన్సును వెంట్రుకంత తిప్పా. అంటే ఇద్దరన్నలూ గెలిచారు. పలకను నాలుగు చోట్ల కొలిస్తే తేడా అర మిల్లీమీటరు లోపే. బస్సు టికెట్టు మాత్రం దొరకలేదు, ఇప్పుడంతా ఫోన్లోనే కదా, కండక్టరును బతిమాలి తెచ్చుకున్నా.

అన్నిటికంటే ఆశ్చర్యం లెక్క చూసుకుంటే వచ్చింది. 50 మిల్లీమీటర్ల ముక్కలో పదిన్నర మందం పలకలు నాలుగంటే 42. బ్లేడు ఒక కోతకు మిల్లీమీటరున్నర కంటే తక్కువే తింటోంది, మూడు కోతలకు నాలుగున్నర అనుకున్నా మూడు మిల్లీమీటర్ల పైన మిగులుతుంది, ప్రతి కోతకూ ముందు ముఖం మీద రందా పట్టడానికి అది సరిపోయింది. మా బావ సర్క్యులర్ సా మీద చీల్చి ఇస్తానన్నాడు, దాని కోత మూడు మిల్లీమీటర్లు, మూడు కోతలకే తొమ్మిది పోతే నాలుగో పలక పొట్టులో కలిసేది.

మొలలు పదకొండు దొరికాయి. ఒకటి రాగి రేకు చుట్టినది, జేజికి చూపిస్తే ఊయల కొక్కెం కోసం కొట్టింది అంది, మా నాయన ఊగిన ఊయల. దాన్ని డబ్బాలో వేసి ఉంచా.

ఒక్కటే మిగిలింది. మొదటి రోజు కోసిన పలకలు షెడ్డులో గోడకు ఆనించి పెడితే తెల్లారేసరికి రెండు దోసెల్లా వంకర తిరిగాయి. ఇంత పాత మాను కూడా వంగుతుందా?

సామిల్లు, కర్నూలు

వంగుతుంది. పైన ఎండిన మాను లోపల ఇంకా అంతో ఇంతో తడి ఉంటుంది, చీల్చగానే ఒక ముఖానికి ఎండగాలి కొత్తగా తగులుతుంది. గోడకు ఆనించొద్దు. కింద సాపుగా ఉన్న చోట పలకకూ పలకకూ మధ్య ఒకే మందం రీపు ముక్కలు అడుగున్నరకొకటి పెట్టి దొంతర వేసి, పైన రెండు సిమెంటు బస్తాలు ఎత్తు. పది రోజులు ముట్టుకోవద్దు. ఆ వంగిన రెండింటిని కూడా అదే దొంతరలో, ఉబ్బు పైకి ఉండేలా అడుగున పెట్టు, ఒకటైనా దారికొస్తుంది. రానిది అల్మారా వెనక చెక్కకు వాడుకో.

సాయంత్రం పని అయ్యాక టెన్షన్ నాబ్ నాలుగు చుట్లు వదులు చెయ్యి. చక్రం రబ్బరు మీద బ్లేడు గాడి పడదు.

బెవెల్, కడప

నేను రెండేళ్ళుగా వదులు చేయలేదు, ఏమీ కాలేదు.

సామిల్లు, కర్నూలు

రబ్బరు మీద వేలు పెట్టి తిప్పి చూసి చెప్పు సామీ.

బెవెల్, కడప

గుంత ఉంది.